మా రోజుల్లో బ్యాండు మాస్టారు

పెళ్లి ఊరేగింపంటే ఇప్పుడు ఒక లారీ. దాని మీద మనిషెత్తు స్పీకర్లు, వెనకాల జనరేటరు, ల్యాప్‌టాప్ ముందు ఒక కుర్రాడు. వాడు మీట నొక్కితే వీధిలో కిటికీ అద్దాలు అదురుతాయి, ఉయ్యాల్లో పసిబిడ్డ ఉలిక్కిపడి లేస్తుంది, గుండెజబ్బు ముసలివాళ్లు తలుపులు బిగించుకుని కూర్చుంటారు. పూలకారులో పెళ్లికొడుకు ఉన్నాడో లేడో ఎవరికీ పట్టదు. దీన్ని సంగీతం అంటున్నారు. నేను ఒప్పుకోను.

మా రోజుల్లో ఊరేగింపు ముందు బ్యాండు మేళం నడిచేది. మేళం ముందు బ్యాండు మాస్టారు నడిచేవారు. ఎర్రకోటు, భుజాల మీద జరీ కుచ్చులు, చేతిలో కలర్నెట్టో ట్రంపెట్టో. వెనక కార్నెట్లు, యుఫోనియం, మెడ చుట్టూ వేసుకునే పెద్ద బేసు, సైడు డ్రమ్ములు, ఢాం అనే పెద్ద డ్రమ్ము, తాళాలు. రెండు పక్కలా నెత్తిన పెట్రోమాక్స్ లైట్లు పెట్టుకుని నడిచే మనుషులు. ఆ వెలుగులో ఇత్తడి మెరుస్తుంటే పిల్లలం అన్నాలు మానేసి వెంటపడేవాళ్లం.

మాస్టారి చేతిలో బెత్తం ఉండేది కాదు. పెద్ద ఆర్కెస్ట్రాల ముందు నిలబడి కర్ర ఊపేవాళ్లు చేసే పనే ఆయన నడుస్తూ, వాయిస్తూ చేసేవారు. వాద్యం మూతి కాస్త పైకెత్తితే అందరూ పల్లవికి తిరగాలి. వెనక్కి తిరిగి ఒక్క చూపు చూస్తే సైడు డ్రమ్ము నడక మార్చాలి. మలుపులో దారి ఇరుకై మేళం రెండుగా చీలినా లయ చీలేది కాదు. గతుకుల రోడ్డు మీద, ఎదురుగా ఎద్దుబండ్లు వస్తుంటే, అర్ధరాత్రి దాకా పదిహేను మందిని ఒక్క తాళంలో నడిపించడం ఎంత విద్యో ఇప్పటి కుర్రకారు ఒక్కసారి ఆలోచించాలి.

ఆయన సంగీత దర్శకుడు కూడా. కొత్త సినిమా వస్తే హోటల్లో గ్రామఫోను దగ్గరో, రేడియో సిలోన్, వివిధ భారతి పెట్టుకునో పాట పట్టేవారు. నోటు పుస్తకంలో తెలుగులోనే సరిగమలు రాసుకునేవారు. పాటను ఉన్నదున్నట్టు దింపితే బ్యాండుకు పనికిరాదు. సుశీలగారి గొంతులోని సన్నని గమకం ట్రంపెట్టులో అంత తేలిగ్గా పలకదు. దానికి ఉన్నవి మూడే పిస్టన్లు, మిగతాదంతా పెదవుల బిగువు, ఊపిరి. అందుకని మెలికలున్న చోటు కలర్నెట్టుకిచ్చి, ఫిడేళ్లు వాయించిన ముక్క ట్రంపెట్లకు పంచి, యుఫోనియానికి అడుగు స్వరాలు కట్టి, పాట మధ్యలో వచ్చే సంగీతం తనే కొత్తగా అల్లేవారు. గాలి పెంచల నరసింహారావుగారు 1961లో ‘సీతారామ కల్యాణం’ సినిమాకు కట్టిన కల్యాణం పాట తెలుగు పెళ్లిళ్లలో స్థిరపడిపోయిందంటే, దాన్ని వీధి వీధికీ మోసిన బ్యాండువాళ్లకు అందులో పెద్ద వాటా ఉంది. వాళ్ల పేర్లు ఏ తెర మీదా పడలేదు.

మేళం మొదలవగానే సినిమా పాట వాయిస్తే మాస్టారికి పరువు తక్కువ. ముందు హంసధ్వనిలో ‘వాతాపి గణపతిం’ పడాల్సిందే. తర్వాత పట్నం సుబ్రహ్మణ్య అయ్యర్ కదనకుతూహలంలో కూర్చిన ‘రఘువంశ సుధాంబుధి’. ఆ రాగంలో స్వరాలు తిన్నగా గెంతుతూ వెళతాయి, ఇత్తడి వాద్యానికి అచ్చంగా అతికిపోతాయి. కచేరీ మొహం ఎరగని రిక్షావాడు కూడా ఆ కీర్తన ఎత్తుకోగానే గుర్తుపట్టేవాడు. ఊరికి శాస్త్రీయ సంగీతం చెవిన పడింది ఇలాగే, టిక్కెట్టు లేకుండా, నడివీధిలో.

శిష్యరికం కూడా అలాగే ఉండేది. కుర్రాడు చేరగానే ట్రంపెట్టు ఇచ్చేవారు కాదు. మొదట ఇత్తడి తోమాలి, తర్వాత తాళాలు పట్టాలి, ఆపైన డ్రమ్ము. పెదవి కుదిరిందని మాస్టారికి నమ్మకం కలిగాకే ఊదే వాద్యం. తెల్లవారుజామున కాలవగట్టున ఒక్క స్వరాన్ని ఊపిరి ఉన్నంతసేపూ నిలపమనేవారు. ఇత్తడి వాద్యానికి చలిలో శ్రుతి దిగుతుంది, వేడికి ఎక్కుతుంది. మాఘమాసపు అర్ధరాత్రి ఒక శ్రుతి, జ్యేష్ఠమాసపు మిట్టమధ్యాహ్నం మరొక శ్రుతి. గొట్టం ఎంత లాగాలో, ఎంత నొక్కాలో చెవి చెప్పాలి. మూఢాల్లో, ఆషాఢంలో ముహూర్తాలు లేనప్పుడు బ్యాండు షాపులో సాధన మోగుతూనే ఉండేది. కొత్త వాద్యం కావాలంటే మీరట్‌లోని జలీ కోఠీ నుంచి రావాలి. అది వచ్చిన రోజు షాపులో పూజ చేసేవారు.

బ్యాండంటే దిగువ రకం సంగీతమని ముక్కు విరిచేవాళ్లు మా రోజుల్లోనూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. వాళ్లకొక మాట. ముత్తుస్వామి దీక్షితులంతటి వాగ్గేయకారుడు మద్రాసు దగ్గర మణలిలో ఉన్న కాలంలో సెయింట్ జార్జి కోటలో ఇంగ్లీషు బ్యాండు విని, ఆ బాణీలకు సంస్కృత సాహిత్యం కట్టారు. అవే నొట్టు స్వరాలు, నలభైకి అటూ ఇటూ ఉంటాయి. బ్రిటిషువాళ్ల రాజగీతం బాణీ కూడా వాటిలో ఉంది. కద్రి గోపాలనాథ్ చిన్నతనంలో మైసూరు ప్యాలెస్ బ్యాండులో శాక్సోఫోన్ వినబట్టే ఆ వాద్యం మీద మనసు పడి, దాన్ని కర్ణాటక కచేరీ వేదికెక్కించారు.

కెప్టెన్ రామ్‌సింగ్ ఠాకురీ సంగతి మరీ చెప్పాలి. 1914 ఆగస్టు 15న ధర్మశాల దగ్గర పుట్టి, గూర్ఖా పటాలంలో బ్యాండు కుర్రాడిగా చేరాడు. తర్వాత ఆజాద్ హింద్ ఫౌజులో వాద్యబృందాన్ని నడిపాడు. ‘కదం కదం బఢాయే జా’కు బాణీ ఆయనదే. ఫౌజు జాతీయగీతానికి మన హైదరాబాదు బిడ్డ ఆబిద్ హసన్ సఫ్రానీ మాటలు కూర్చడంలో చెయ్యి వేస్తే, దానికి సంగీతం సమకూర్చింది రామ్‌సింగే. నేతాజీ ఆయనకు ఫిడేలు బహూకరించారు. స్వాతంత్య్రం వచ్చాక లక్నోలో సాయుధ పోలీసు బ్యాండును తీర్చిదిద్దాడు. దేశం నడిచిన అడుగులకు తాళం వేసినవాడు ఒక బ్యాండు మనిషి. ఊరి బ్యాండు మాస్టారిది అదే విద్య, అదే జాతి.

మరి ఇప్పుడో? ఉన్న కొద్దిపాటి మేళాల్లో కూడా కీబోర్డును తోపుడు బండి మీద పెట్టి స్పీకరు తగిలిస్తున్నారు. ట్రంపెట్లు ఫొటోల కోసం భుజాన వేలాడుతున్నాయి. ఊపిరి పట్టే మనుషులు ఆటోలు తోలుకుంటున్నారు, వాచ్‌మన్ ఉద్యోగాలకు పోతున్నారు. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా బహిరంగంగా లౌడ్‌స్పీకర్లు మోగకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. ఇళ్లుండే చోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదు. ఎవరు వింటున్నారు? చివరికి 2024లో హైదరాబాదు పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించాల్సి వచ్చింది. మా రోజుల్లో మేళాన్ని ఆపమని పోలీసులు రావడం నేను చూడలేదు. వస్తే ఓ పక్కన నిలబడి వినేవారు.

కాలం మారిందండీ అని సర్దిచెబుతారు. కాలం దానంతటది ఏ మేళాన్నీ చంపదు. డ్రోను కెమెరాకు అడిగినంత ఇచ్చి, బ్యాండు దగ్గర గీసి గీసి బేరమాడేది మనం. బయానా ఇచ్చి, మిగతా డబ్బుకు పెళ్లయ్యాక పది రోజులు తిప్పేది మనం. ఈ ఒక్క విషయంలో మా రోజుల్ని కూడా నేను వెనకేసుకురాను. విద్యను మెచ్చుకుంటూనే ఆ మనుషుల్ని పందిరి బయట కూర్చోబెట్టి, అందరూ తిన్నాక ఆఖరి బంతిలో వడ్డించేవారు. కులం చూసి చేసిన అవమానం అది. అంత విద్య ఉన్న మాస్టారు కొడుకుని ఈ పనిలోకి రానివ్వకపోయారంటే తప్పు ఆయనది కాదు.

ఇంకా ఊపిరి ఉన్నవాళ్లు కొందరు మిగిలారు. మీ ఇంట్లో పెళ్లి కుదిరితే లారీని వద్దనండి. మీ ఊళ్లోనో పక్క ఊళ్లోనో ఉన్న మేళాన్ని వెతికి పిలవండి. కీబోర్డు వద్దు, ఇత్తడే మోగాలని చెప్పండి. మొదట ‘వాతాపి’ వాయించమని అడగండి. ఒప్పుకున్న డబ్బు ఆ రాత్రే చేతిలో పెట్టండి, మొదటి బంతిలో కూర్చోబెట్టి అన్నం పెట్టండి. శుభలేఖలో క్యాటరింగువాళ్ల పేరు వేస్తున్నారు కదా, బ్యాండు మాస్టారి పేరు కూడా వేయించండి.