నర్సమ్మ ఫ్లెక్సీ

నర్సింగ్ పరిశోధనలో ముందు పుట్టేది శీర్షిక. ఆ తర్వాతే పరిశోధన, అదీ చదివినవాళ్లకు ఊపిరి మిగిలితే. "ఎ స్టడీ టు అసెస్ ది ఎఫెక్టివ్‌నెస్ ఆఫ్ స్ట్రక్చర్డ్ టీచింగ్ ప్రోగ్రామ్ ఆన్ నాలెడ్జ్ రిగార్డింగ్..." మానుకోట తండాల్లో రక్తహీనతైనా, భూపాలపల్లి బొగ్గుబాయి కార్మికుల నడుంనొప్పైనా ఇదే దండకం. చివర్న "ఇన్ సెలెక్టెడ్ విలేజెస్" తప్పదు. ఆ సెలెక్టయిన సంగతి ఆ ఊళ్లకే తెలియదు.

2016లో జనగామ, మహబూబాబాద్ అనే మా మానుకోట, భూపాలపల్లి జిల్లాలయ్యాయి. మానుకోటకు 2022లో, మిగతా రెండింటికీ 2023లో సర్కారు మెడికల్ కాలేజీలొచ్చాయి. నర్సింగ్ పిల్లలకేమో ఆ శీర్షికలతో కాన్ఫరెన్స్ పోస్టర్ల పిచ్చి పట్టింది. వాళ్లకు ట్యూటర్ని కాబట్టి ఫ్లెక్సీ షాపు తిరుగుడు నాకు పట్టింది.

బ్రోచర్‌లో ఏ-జీరో సైజు అని రాస్తారు, అంటే 84 బై 119 సెంటీమీటర్లు. జనగామ షాపులో ఆ భాష చెల్లదు.

"ఎన్ని ఫీట్లు మేడమ్?"

"సుమారు మూడు బై నాలుగు."

అతను ఫైలు తెరిచి బెదిరిపోయాడు. "గిన్ని అచ్చరాలు ఎవలు సదువుతరు మేడమ్? బండి మీద పోయేటోడు సుత సదవాలె గదా!"

"ఇది బండి మీద పోయేవాళ్లకు కాదు, ప్రొఫెసర్లకు."

"వాళ్లకు గంత ఓపికుంటదా?"

ఉండదు. ఒక చేతిలో చాయ్, ఇంకో చేతిలో సమోసాతో నడుస్తూ పోతారు. వాట్సాప్‌లో వచ్చి మసకబారిన కాలేజీ లోగో ముందు క్షణం ఆగి, "గుడ్" అని కదులుతారు.

2019లో మైక్ మారిసన్ అనే అమెరికా పరిశోధకుడు పోస్టర్ నడిమధ్యన ఒక్క ఫలితాన్నే పెద్దక్షరాల్లో పెట్టి, వివరాలు పక్కకు నెట్టి, మిగతాది క్యూఆర్ కోడ్‌లో దాచమన్నాడు. సైంటిస్టులు ఆహా అన్నారు. మన ఫ్లెక్సీలో నాయకుడి ముఖముండే చోట ఫలితాన్ని పెట్టాడు, అంతేగా! చుట్టూ చిన్నచిన్న తలకాయలు గైడూ, కో-గైడూ.

అసలు మన నైటింగేల్ 1858లోనే ఈ పని చేసింది. క్రిమియా యుద్ధంలో సైనికుల్ని గాయాలకంటే నివారించదగ్గ రోగాలే ఎక్కువగా చంపాయని రంగురంగుల ముక్కల చక్రంలో చూపించింది. పెద్ద రిపోర్టులు చదవని దొరలకు బొమ్మ అర్థమైంది. మనం మాత్రం ఏటా మే 12న నర్సుల దినోత్సవానికి ఆమె దీపం పట్టుకుంటాం, చక్రం మరిచిపోతాం.

పోస్టర్‌ మూలన పెట్టమని ఇచ్చిన ఆమె ఫొటో షాపతనికీ నచ్చింది. దండ వేసి, పైన "అశ్రునివాళి" అని పెట్టాడు. బతిమాలి తీయించాను.

చివరికి మా రక్తహీనత పోస్టర్ నడిమధ్యన, ఆరడుగుల దూరానికీ కనబడేలా ఒకే వాక్యం నిలిచింది: "ఐరన్ గోలీ చాయ్‌తో వద్దు." హైపోథిసిస్ మొత్తం క్యూఆర్‌లోకి వెళ్లింది. కింద మూలన మాత్రం అతను అలవాటుకొద్దీ తన సెల్ నంబర్ వేసుకున్నాడు.

అది కరస్పాండింగ్ ఆథర్ నంబరనుకుని ఒక పోస్టర్ జడ్జి ఫోన్ చేసి, కై స్క్వేర్ ఎంతని అడిగారట.

"స్క్వేర్ ఫీటుకు పన్నెండు రూపాయలు సార్. ఫ్రేమ్ అయితే వేరే."