రాత్రిపాళీలో గ్రాండ్‌మాస్టర్: బ్లిట్జ్ ఆటకు తిరుగులేని చిట్కాలు

భివండిలో, పద్మనగర్ నుంచి కామత్‌ఘర్ దాకా, సాంచల (పవర్‌లూమ్‌ల) మధ్య నిలబడి ఫోన్‌లో చెస్ ఆడే తమ్ముళ్లందరికీ శుభవార్త. గ్రాండ్‌మాస్టర్ కావాలంటే నార్ములు తేవాలి, రేటింగు 2500 దాటాలి అని ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే అంటుంది. అననివ్వండి. అవి రావడానికి ఏళ్లు పడుతుంది. గ్రాండ్‌మాస్టర్‌లా మాట్లాడటానికి వారం చాలు. బోర్డు కొనక్కర్లేదు, పుస్తకం తెరవక్కర్లేదు. ఒక ఫోను, ఒక చార్జరు, ఓడిపోకముందే తయారుగా పెట్టుకున్న ఒక సాకు ఉంటే సామగ్రి పూర్తయినట్టే.

1. ముందు చుట్టరికం కలపండి.

ఇరిగేసి అర్జున్‌ది వరంగల్. 2003లో పుట్టాడు, 2018లో పద్నాలుగేళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. 2024 డిసెంబరు ఫిడే జాబితాలో 2801 రేటింగుతో, ఆనంద్ తర్వాత 2800 దాటిన రెండో భారతీయుడిగా నిలిచాడు. మీ తాత సాంచలు నడపడానికి వచ్చింది కూడా వరంగల్ పక్క ఊరి నుంచే. కరీంనగరో, నల్గొండో అయినా ఫర్వాలేదు, భివండి నుంచి చూస్తే అన్నీ ఒకే దిక్కు. కాబట్టి ఆట మీ రక్తంలోనే ఉంది. రక్తంలో ఉన్నదాన్ని కూర్చుని నేర్చుకోవడం దండగ. ఎవరైనా రేటింగు ఎంత అని అడిగితే 2801 అని చెప్పండి. ఎవరిది అని అడిగినప్పుడు చూసుకోవచ్చు.

2. మీ ఆట సంగతి తర్వాత, ముందు అర్జున్ ఆట బాగు చేయండి.

ఇది చాయ్ బండి దగ్గర చేయాల్సిన పని. లైవ్ పెట్టండి. బోర్డు పక్కన తెలుపు నలుపు పట్టీ ఒకటి పైకీ కిందికీ కదులుతుంటుంది. కంప్యూటర్ లెక్క ప్రకారం ఎవరిది పైచేయో అది చెబుతుంది. గడియారంలో పది సెకన్లతో కొట్టుకుంటున్న అర్జున్‌కు ఆ పట్టీ కనపడదు. చాయ్ తాగుతున్న మీకు కనపడుతుంది. మీరు అతనికంటే గొప్ప ఆటగాడని చెప్పడానికి ఇంకేం రుజువు కావాలి? పట్టీ దభేలుమని పడేదాకా నోరు మెదపకండి. పడగానే చాయ్ గ్లాసు కింద పెట్టి "నేను ముందే చెప్పిన" అనండి. గ్లాసు కింద పెట్టడం ముఖ్యం, మాటకు బరువు వస్తుంది.

2025 డిసెంబరులో దోహాలో అర్జున్ ప్రపంచ ర్యాపిడ్‌లో కాంస్యం, వెంటనే బ్లిట్జ్‌లో మరో కాంస్యం తెచ్చాడు. బ్లిట్జ్‌లో కార్ల్‌సన్‌నూ ఓడించాడు. ఇవన్నీ విని సంతోషపడటం మామూలు మనిషి పని. మీరు మాత్రం కనుబొమ్మ ఎగరేసి "బంగారం ఎందుకు రాలేదు?" అని అడగండి. అర్జున్ చేతిలో ఓడిన దెబ్బకు కార్ల్‌సన్ బల్ల గుద్దాడు, గుర్తుందా? ఆ ఒక్కటీ నేర్చుకోండి. అతని ఎండ్‌గేమ్ నేర్చుకోవడం కష్టం, గుద్దడం తేలిక. బల్ల లేకపోతే సాంచ ఉంది. ఆ చప్పుడులో ఎవరికీ వినపడదు కూడా.

3. పెద్దల అడుగుజాడల్లో నడవండి, సగం దూరం.

ఇది ఈ మొత్తం విద్యకు గుండెకాయ, జాగ్రత్తగా చదవండి. కోనేరు హంపి 2002లో పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయి జూడిత్ పోల్గార్ రికార్డు దాటింది. బిడ్డ పుట్టిన రోజుల్లో దాదాపు రెండేళ్లు ఆటకు దూరంగా ఉంది. 2019 డిసెంబరులో మాస్కోలో ప్రపంచ ర్యాపిడ్ కిరీటం గెలిచింది. తెలివిగలవాడికి ఇందులో కనపడేది ఒక్కటే: రెండేళ్లు ఆడకుండా ఉంటే ప్రపంచ చాంపియన్ అవుతారు. మధ్యలో ఆమె మళ్లీ కూర్చుని చేసిన కసరత్తు గురించి ఎవరైనా ఎత్తితే మాట మార్చండి.

ఇంకా మంచి ఉదాహరణ ఉంది. 2024లో న్యూయార్క్‌లో హంపి మొదటి ఆటే ఓడిపోయింది. చివరికి పదకొండింట ఎనిమిదిన్నర పాయింట్లతో మళ్లీ ప్రపంచ ర్యాపిడ్ చాంపియన్ అయింది. అంటే విజయానికి తొలి మెట్టు మొదటి ఆట ఓడటం. ఈ మెట్టు మీకు బాగా అలవాటే. రాత్రి పది ఆటలాడి పదీ ఓడితే పది చాంపియన్‌షిప్పులకు పునాది వేసినట్టు. ఇల్లు ఎప్పుడు కడతారని ఇంట్లోవాళ్లు అడిగితే పునాది గట్టిగా పడనివ్వండి అని చెప్పండి.

2022 సెప్టెంబరులో కార్ల్‌సన్ ఒక ఆన్‌లైన్ టోర్నీలో ఒకే ఒక్క ఎత్తు వేసి, కెమెరా ఆపేసి, ఆట వదిలేశాడు. ప్రపంచమంతా నెలల తరబడి దాని గురించే మాట్లాడింది. అదే టోర్నీ ఫైనల్‌కు వెళ్లి మన అర్జున్‌ను ఓడించి కప్పు కూడా తీసుకున్నాడు. కప్పు సంగతి వదిలేయండి. ఒక ఎత్తు వేసి ఆట వదిలేయడం మీకు ఈ రాత్రే సాధ్యం.

4. మూడు నిమిషాల ఆటే ఆడండి, ఎత్తుకు సెకను కలిసే ఆట జోలికి పోవద్దు.

ప్రపంచ బ్లిట్జ్‌లో మూడు నిమిషాలకు తోడు ప్రతి ఎత్తుకూ రెండు సెకన్లు కలుస్తాయి. అదొక శిక్ష. గెలిచే ఆటను నిజంగానే గెలవాల్సి వస్తుంది. సెకన్లు కలవని ఆటలో అలాంటి బాధ లేదు. మంత్రి పోయింది, ఏనుగులు రెండూ పోయాయి, రాజు దిక్కులేక బోర్డంతా తిరుగుతున్నాడు. దిగులెందుకు? ఎదుటివాడి గడియారం చూడండి. అర్థం లేని చెక్‌లు ఇవ్వండి, ఒక బంటును ముందుకు తోయండి, అతను ఆలోచనలో పడతాడు. టైము అయిపోతే గెలుపు మీదే. "టెక్నిక్" అని పేరు పెట్టండి.

ప్రీమూవ్‌ను కళ్లు మూసుకుని వాడండి. ఎదుటివాడు ఏం ఆడతాడో చూడకముందే మీ ఎత్తు పెట్టేయడం అందులోని కిటుకు. ఒక్కోసారి మంత్రి అతని గుర్రం నోట్లోకి వెళ్తుంది. వెళ్లనివ్వండి, ఆలోచించడానికి ఒక పావు తగ్గింది.

5. ఆటకు సరైన వేళ: కండె మార్చాల్సిన వేళ.

పగలు ఖాళీగా ఉన్నప్పుడు ఆడితే ఓటమికి కారణం దొరకదు. కాబట్టి రాత్రిపాళీలో, ఆరు సాంచలూ పరుగెడుతుండగా మొదలుపెట్టండి. పన్నెండో ఎత్తుకు రెండో సాంచ ఆగుతుంది, పేక అయిపోయింది. నాడెలో కొత్త కండె పెట్టడానికి వెళ్తే గడియారంలో పావు నిమిషం పోతుంది. వెళ్లకపోతే సాంచ ఆగి మీటర్లు పోతాయి. గ్రాండ్‌మాస్టర్ మనసున్నవాడు గడియారాన్నే కాపాడుకుంటాడు. మీటర్లు రేపు నేయొచ్చు, ఈ ఏనుగును రేపు కాపాడలేం.

నాలుగో సాంచ మీద పడుగు పోగు తెగిందనుకోండి. చూడనట్టు ఉండండి. అది తెగిన దగ్గర్నుంచి బట్ట మీద సన్నటి గీత ఒకటి సాగిపోతుంటుంది. ఆ గీత ఎంత పొడవుంటే మీ ఆట అంత లోతుగా ఉన్నట్టు. పొద్దున ముకాదం బట్ట పరిచి చూస్తాడు. అప్పుడు నూలు బాగాలేదనండి. సైజింగ్ సరిగ్గా లేదనండి. బీము పాతదనండి. అటు ఫోన్‌లో ఎదుటివాడు "గుడ్ గేమ్" అంటే సాంచ ఆగింది, లేకపోతే నీ పని అయిపోయేది అనండి. బట్ట చెడితే నూలు మీద, ఆట చెడితే సాంచ మీద. ఈ రెంటినీ కలిపి చెప్పకుండా జాగ్రత్తపడండి. ముకాదానికి చెస్ సాకు చెప్పినవాళ్లు మొదటి తారీఖున కూలి లెక్క దగ్గర చాలాసేపు నిలబడాల్సి వస్తుంది.

6. నెట్ మీ చేతిలోనే ఉంది, వాడుకోండి.

2020 ఆగస్టు 30న ఆన్‌లైన్ ఒలింపియాడ్ ఫైనల్. భారత్, రష్యా. హంపి, ద్రోణవల్లి హారిక, పెంటేల హరికృష్ణ, ముగ్గురు తెలుగువాళ్లున్న జట్టు మనది. మొదటి రౌండు 3-3 సమానం. రెండో రౌండులో నిహాల్ సరీన్, దివ్య దేశ్‌ముఖ్‌ల కనెక్షన్ తెగి, వాళ్ల టైము అయిపోయింది. మనవాళ్లు అప్పీలు చేశారు, ఫిడే అధ్యక్షుడు రెండు దేశాలకూ బంగారం ఇచ్చాడు. నెట్ పోయింది, బంగారం వచ్చింది. చరిత్ర ఇంత సూటిగా పాఠం చెప్పడం అరుదు. అంతకుముందు సెమీఫైనల్లో పోలండ్ మీద నిర్ణాయకమైన ఆర్మగెడ్డన్ ఆట హంపి గెలిచిందన్న సంగతి మన పాఠానికి అడ్డు, కొట్టేయండి.

ఇక మీరు చేయాల్సింది చెబుతాను. ఓటమి రెండెత్తుల దూరంలో ఉందనగా ఫోన్ పైనుంచి వేలితో కిందికి లాగండి, డేటా ఆపండి. ఎదుటివాడు మీ గడియారం చూస్తూ కూర్చుంటాడు, వాడి రాత్రి కూడా మీ రాత్రిలాగే పోతుంది. కాసేపయ్యాక ఆన్ చేసి "కరెంటు పోయింది" అని రాయండి. పవర్‌లూమ్ ఊళ్లో కరెంటు పోయిందంటే ఎవరూ ప్రశ్నించరు. ఫోను బ్యాటరీ మీద నడుస్తుంది కదా అని ఎవడైనా అతి తెలివి చూపితే టవర్‌కు కరెంటు లేదనండి. టవర్‌కు జనరేటర్ ఉంటుంది కదా అంటే డీజిల్ అయిపోయిందనండి. ఇంత ముందుచూపు ఓపెనింగ్ నేర్చుకోవడంలో పెట్టి ఉంటే ఏమయ్యేదో అన్న ఆలోచన వస్తే వెంటనే ఇంకో ఆట మొదలుపెట్టండి. ఇలా తరచూ చేస్తే వెబ్‌సైటు మిమ్మల్ని కొంతసేపు ఆడనివ్వదు. విశ్రాంతి అనుకోండి. రెండేళ్ల విశ్రాంతికి ఏం వస్తుందో మూడో చిట్కాలో చదివారు.

7. కంప్యూటర్ సాయం: ధైర్యంగా, మొరటుగా.

స్టాక్‌ఫిష్ ఉచితం. దాన్ని ఓడించే మనిషి భూమ్మీద లేడు. రెండో ఫోనులో అది పెట్టి బావమరిదిని పక్కన కూర్చోబెట్టండి. అసలు గ్రాండ్‌మాస్టర్లు తెలిసిన ఎత్తు అర సెకనులో వేస్తారు, చిక్కు వస్తే ఇరవై సెకన్లు తింటారు. మీరు అలా ఎగుడుదిగుడుగా ఆడకండి. తినక తప్పని బంటు తినడానికీ ఐదు సెకన్లు, ఐదు పావుల బలికీ ఐదు సెకన్లు. సాంచ నడిచినట్టు ఒకే లయ. నిన్నటిదాకా మూడో ఎత్తుకే మంత్రిని పోగొట్టుకున్నవాడు ఈ రోజు ఒక్క తప్పూ చేయకపోతే వెబ్‌సైటు వాళ్ల లెక్కలకు ఇట్టే దొరుకుతాడు. ఖాతా మూసేస్తారు.

అభినందనలు. మూసిన ఖాతా రేటింగు ఎప్పటికీ తగ్గదు.

వెంటనే వేరే పేరుతో ఇంకోటి తెరవండి. లీచెస్‌లో కొత్తగా చేరినవాడికి 1500 ఊరికే ఇస్తారు, పక్కన ప్రశ్నార్థకంతో సహా. ఆరు నెలలు చెమటోడ్చి 1100 దగ్గర ఉన్నవాడికి ఇది ఒక్క నిమిషంలో నాలుగు వందల పాయింట్ల ఎదుగుదల. ఏ కోచ్ ఇంత చేయగలడు?

8. బట్ట మీదికి నెట్టండి.

2024 డిసెంబరులో న్యూయార్క్‌లో కార్ల్‌సన్ జీన్స్ వేసుకొచ్చాడు. మార్చుకు రమ్మంటే ససేమిరా అని ర్యాపిడ్ నుంచి వెళ్లిపోయాడు. నిర్వాహకులు మెట్టు దిగాక బ్లిట్జ్‌కు వచ్చి నెపోమ్నియాషీతో టైటిల్ పంచుకున్నాడు. మీరు లుంగీ మీద ఆడుతున్నారు. ఇక చెప్పేదేముంది.

9. పని పోయాక కోచింగ్ పెట్టండి.

పై చిట్కాలన్నీ శ్రద్ధగా పాటిస్తే రెండు మూడు నెలల్లో సేటు మీ సాంచలు ఇంకొకరికి అప్పగిస్తాడు. భయపడకండి, చెస్‌కు పూర్తి సమయం దొరికింది. 2024లో గుకేశ్ ప్రపంచ చాంపియన్ అయినప్పటి నుంచి గల్లీ గల్లీలో పిల్లలకు బోర్డులు కొంటున్నారు. అతని వెనుక పనిచేసిన బృందంలో మన హరికృష్ణ ఉన్నాడు. అంటే తెలుగువాడు నేర్పితే ప్రపంచ చాంపియన్ తయారవుతాడు. మీరూ తెలుగువాళ్లే. గది అద్దెకు తీసుకోండి. గోడ మీద అర్జున్, హంపిల ఫోటోలు పెట్టండి, వాటి మధ్య మీది కొంచెం పెద్దది. ఫీజు ముందే తీసుకోండి, మూడు నెలలది ఒకేసారి. మొదటి రోజు పిల్లలకు పావుల పేర్లు చెప్పి, రెండో రోజు నుంచి సాకులు మొదలుపెట్టండి.

పిల్లలతో మీరు ఆడవద్దు. తప్పనిసరై ఆడాల్సి వచ్చి, ఎనిమిదేళ్ల పాప పదిహేనో ఎత్తుకు చెక్‌మేట్ చెప్పి మీ ముఖంలోకి చూస్తే, తొణక్కుండా నెట్ పోయిందనండి. ఎదురుగా ఉన్నది చెక్క బోర్డే అయినా సరే.