ఎత్తు తెలియని పలక: ఒక స్నోబోర్డు ఆత్మకథ

ఈ ఆత్మకథ చెప్పుకొంటున్నది 158 సెంటీమీటర్ల పొడవు, నడుము దగ్గర 25 సెంటీమీటర్ల వెడల్పు గల ఒక స్నోబోర్డు. రెండు పాదాలనూ ఒకే పలకకు బిగించుకొని, పక్కవాటుగా నిలబడి మంచువాలు దిగడానికి వాడే సాధనాన్ని స్నోబోర్డు అంటారు. ఈ పలక ఆస్ట్రియాలో తయారై, ప్రస్తుతం కశ్మీరులోని గుల్మార్గ్‌లో, సముద్రమట్టానికి సుమారు 2,650 మీటర్ల ఎత్తున, ఒక అద్దె దుకాణంలో ఉంటోంది. పాప్లర్ చెక్క బద్దలను పక్కపక్కన అతికించి, వాటికి పైనా కిందా గాజునార పొరలు పరచి, అడుగున మైనాన్ని పీల్చుకొనే పాలిథీన్ రేకు వేసి, చుట్టూ ఉక్కు అంచు అమర్చి, ఎపాక్సీ జిగురుతో వేడి ప్రెస్సులో అదిమినప్పుడు దానికి ఈ రూపం వచ్చింది. ఆ అచ్చులో పడిన వంపు, ఆ పొరల మందం కలిసి దాని స్వభావాన్ని అప్పుడే నిర్ణయించాయి.

దాని వంశం మరీ పాతది కాదు. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో 1965లో షెర్మన్ పాపెన్ తన కుమార్తెల ఆట కోసం రెండు స్కీలను జతచేసి, పట్టుకోవడానికి ముక్కుకు తాడు కట్టి రూపొందించిన ‘స్నర్ఫర్’ ఈ వంశానికి మూలపురుషుడు. ఆ తరువాతి దశాబ్దంలో దిమిత్రియే మిలోవిచ్ యూటాలోనూ, జేక్ బర్టన్ కార్పెంటర్ వెర్మాంట్‌లోనూ పలకలు తయారుచేసి అమ్మారు. 1998 నాటి నగానో ఒలింపిక్స్‌తో ఈ క్రీడకు ఆ పోటీల్లోనూ చోటు దక్కింది.

దుకాణంలో ఈ పలకకు ఎడమ పక్కన నిలబడినది ‘ట్రూ ట్విన్’, అంటే ముక్కూ తోకా ఆకారంలోనూ వంగే గుణంలోనూ అచ్చంగా ఒకేలా ఉండి, పాదాలు సరిగ్గా మధ్యలో నిలిచే రకం. గాలిలో తిరిగి వెనక్కి దిగేవారికి, ఇనుప కమ్మీల మీద జారేవారికి ఏ కొస ముందున్నా తేడా తెలియకూడదు కనుక అది వారి అవసరం. కుడి పక్కన ఉన్నది ‘డైరెక్షనల్’, అంటే ఒకే దిశకు ఉద్దేశించినది. దాని ముక్కు వెడల్పు, తోక అంతకంటె ఒకటి రెండు సెంటీమీటర్లు సన్నం, పాదాలు నిలిపే చోటు వెనక్కి జరిగి ఉంటుంది. కొత్తగా కురిసిన లోతైన మంచులో ఆ సన్నని తోక తనంతట తానే దిగబడి ముక్కును పైకి లేపుతుంది. అదే మంచులో ట్రూ ట్విన్ మీద దిగే మనిషి ముక్కు మునగకుండా చూసుకోవడానికి బరువంతా వెనక కాలి మీదికి నెట్టవలసి వస్తుంది. కొంతసేపటికి ఆ తొడ కండరం మండడం మొదలై మలుపులు అదుపు తప్పుతాయి. ఈ ఆత్మకథకు కర్త అయిన పలక ఈ రెండింటి నడుమది. రూపం ట్విన్‌దే అయినా తోక కొంచెం గట్టిది, పాదాల స్థానం కొంచెం వెనక్కి ఉంటుంది.

ఆకారం కంటికి కనబడుతుంది కనుక కొనేవారు దాని గురించి అడుగుతారు. ‘ఫ్లెక్స్’ అనే వంగే గుణం కనబడదు కనుక అడగరు, నిజానికి మనిషికీ మంచుకూ మధ్య సంబంధాన్ని నడిపేది అదే. సాధారణ క్యాంబర్ పలకలో రెండు కొసలూ నేలను తాకుతూ, నడుము కొన్ని మిల్లీమీటర్లు పైకి లేచి ఉంటుంది. మనిషి ఎక్కగానే నడుము దిగి, ఒత్తిడి కొసల దాకా పాకి, పక్కకు వాల్చినప్పుడు అంచు పొడవునా మంచులో దిగుతుంది. బరువు తీసిన క్షణంలో, నడిచేవాడి భుజం మీద కావడి బద్ద లేచినట్లు, పలక తిరిగి పైకి లేస్తుంది. నడుము నేలకు ఆని కొసలు లేచి ఉండే ‘రాకర్’ దీనికి తారుమారు. అది మెత్తని మంచులో తేలుతుంది, తప్పటడుగులను మన్నిస్తుంది, కాని గడ్డకట్టిన వాలు మీద పట్టు తక్కువ. పొడవునా వంగడమే కాక, పలక మెలితిరగడం కూడా ఫ్లెక్స్‌లో భాగమే: మలుపు మొదట్లో ముందు పాదం ఒక వైపు, వెనక పాదం మరొక వైపు ఒత్తుతాయి, ఆ మెలికకు లొంగే పలక నేర్చుకొనేవారికి మలుపును తేలిక చేస్తుంది. తయారీదారులు ఫ్లెక్స్‌ను 1 నుంచి 10 వరకు అంకెలతో చెబుతారు, కాని అందరికీ ఒకే కొలమానం లేదు. ఒకరి 6 మరొకరి 4 కావచ్చు. ఈ పలక మీద దాని తయారీదారు వేసిన అంకె 6.

ఈ పలకకు మనిషి ఎత్తు తెలియదు, బరువే తెలుస్తుంది. అయినా దుకాణంలో దాన్ని నిలబెట్టి, గడ్డం దాకా వస్తే సరిపోయినట్లే అని చేతికిస్తారు. ఒకే ఎత్తున్న ఇద్దరిలో ఒకరు 50 కిలోలు, మరొకరు 85 కిలోలు ఉంటే మంచు మీద ఆ పలక ఇద్దరికీ రెండు వేర్వేరు పలకలు. తేలికైన మనిషి కింద నడుము పూర్తిగా దిగదు, మెలిక పడదు, మలుపు మొదలుకాదు. భయపడి వెనక్కి ఒరిగినప్పుడు దిగువ అంచు మంచులో చిక్కుకొని మనిషి దబ్బున పడతాడు, తప్పు తన కాళ్లదేననుకుంటాడు. బరువైన మనిషి మెత్తని పలక ఎక్కితే గట్టి వాలు మీద వేగం పెరిగేకొద్దీ అంచు వణికి, తోక పక్కకు జారిపోతుంది. ఇక బూటు కొలత వెడల్పుకు సంబంధించినది: నడుము సన్నమైన పలక మీద పెద్ద బూటు మొన బయటికి వచ్చి, పలకను లోతుగా వాల్చినప్పుడు మంచును గీరుతుంది, అంచు పట్టు విడిపోతుంది.

గట్టి పలకలు గొప్పవనే అభిప్రాయం చాలామందిలో ఉంది. దాన్ని ఈ పలక అంగీకరించదు. 2018 ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌లో స్కీయింగ్ సూపర్-జీలోనూ, స్నోబోర్డు పారలల్ జెయింట్ స్లాలమ్‌లోనూ స్వర్ణాలు గెలిచిన చెక్ క్రీడాకారిణి ఎస్తర్ లెదెట్స్కా వాడిన తరహా పందెపు పలక పొడవుగా, సన్నగా, ఎంతో గట్టిగా ఉండి, గట్టి బూట్లతో, యంత్రాలు చదునుచేసిన వాలు మీద కత్తి కోతలాంటి మలుపు తీస్తుంది. ఆ పలకను గుల్మార్గ్ గొండోలా అనే రోప్‌వే రెండో దశ చివర దిగి, దాదాపు 3,950 మీటర్ల ఎత్తున అఫర్వత్ పర్వతం భుజం మీది పొడిమంచులోకి తెస్తే ముక్కు మునిగి ఆగిపోతుంది. అక్కడ దుకాణంలో కుడి పక్కనున్న డైరెక్షనల్ పలకదే పైచేయి. మధ్యరకమైన ఈ పలక అక్కడ నెట్టుకొస్తుంది తప్ప రాణించదు.

కనుక ఈ వరుస ముందుకు వచ్చే పాఠకులు తమ ఎత్తు చెప్పి ఊరుకోవద్దు. బరువు, బూటు కొలత, ఆ రోజు దిగబోయేది చదునుచేసిన కింది వాలో, పైనున్న లోతు మంచో ముందుగా చెప్పండి. మొదటిసారి నేర్చుకొంటున్నవారైతే ఈ 158ని వదిలేసి, బరువుకు తగినంత పొట్టిదీ మెత్తనిదీ అయిన పలకను అడిగి తీసుకోండి.