పట్టకారు వదలని అన్నయ్యకు బహిరంగ లేఖ

అన్నయ్యా,

ఈ మాటలు మీ ఒక్కరికే ఫోన్‌లో చెప్పొచ్చు. కానీ టోక్యోలో మనవాళ్ళు నలుగురు కలిసి, నిప్పుల మీద మాంసం కాల్చుకునే యాకినికు తినడానికి కూర్చున్న ప్రతి బల్ల దగ్గరా మీలాంటివారు ఒకరు కనిపిస్తున్నారు. మాంసం పళ్ళెం దిగీ దిగకముందే పట్టకారు అందుకుంటారు, బిల్లు వచ్చేదాకా కింద పెట్టరు. అందుకే అందరూ చదివేలా రాస్తున్నాను.

మొన్న శుక్రవారం మనం వెళ్ళిన చోటు మామూలు హోటల్ కాదు. షోవా కాలాన్ని తలుచుకుంటూ కట్టుకున్న హోటల్. హిరోహితో చక్రవర్తి ఏలిన 1926 నుంచి 1989 దాకా షోవా కాలమే అయినా, జపాన్ వాళ్ళు ఎక్కువగా తలుచుకునేది యుద్ధం గాయాలు మానుతూ ఇళ్ళలోకి టీవీలూ ఫ్రిజ్‌లూ వస్తున్న రోజుల్ని. గోడ మీద అంచులు తుప్పు పట్టిన బోన్ కర్రీ రేకు బోర్డు చూశారా? ప్యాకెట్ వేడినీళ్ళలో వేసి తినే ఆ కూర 1968లో మార్కెట్‌లోకి వచ్చింది. బీరు క్రేట్లు తిరగేసి, పైన మెత్తలు వేసిన పీటలు. మీ అబ్బాయి తాగిన రామునే అచ్చంగా మన గోలీ సోడాయే. అదే నొక్కుల మెడ సీసా, లోపల అదే గోలీ. వాడు గోలీ లోపలికి నొక్కినప్పుడు మా ఊరి బస్టాండు గుర్తొచ్చి నాకు నోట మాట రాలేదు.

బల్ల మధ్యలో మట్టి కుంపటి. షిచిరిన్ అంటారు. నోతో ద్వీపకల్పం కొసన సుజు అనే ఊరుంది, 2024 జనవరి 1 భూకంపానికి బాగా దెబ్బతిన్న ఊరు. అక్కడి కొండల్లో కోటి ఏళ్ళకు పైగా కిందట సముద్రంలో సూక్ష్మమైన నాచు పేరుకుని ఏర్పడ్డ తేలికైన మట్టిరాయి దొరుకుతుంది. దాన్ని దిమ్మలుగా కోసి, చెక్కి, కాల్చి ఈ కుంపట్లు చేస్తారు. లోపల బొగ్గులు కణకణలాడుతున్నా పక్కన చెయ్యి పెట్టగలం, సెగంతా పైనున్న ఇనుప జాలీకే పోతుంది. 1980లో నగోయా కంపెనీ షింపో పొగ రాని రోస్టర్ తెచ్చాక యాకినికు హోటళ్ళు చాలావరకు శుభ్రపడ్డాయి. ఇలాంటి పాతకాలపు హోటళ్ళు మాత్రం పొగను పట్టుబట్టి ఉంచుకున్నాయి. కోటుకు పొగ వాసన పట్టకుండా దాచుకోమని ప్లాస్టిక్ సంచి ఇస్తారు తప్ప పొగ తగ్గించరు. యుద్ధం ముగిశాక పొట్ట చేతపట్టుకుని ఇక్కడ మిగిలిపోయిన కొరియన్లు, ఎవరూ కొనని పేగులూ కాలేయమూ బొగ్గుల మీద కాల్చి అమ్మి నిలబెట్టిన తిండి ఇది. ఒసాకాలో త్సురుహాషి స్టేషన్‌లో రైలు దిగితే ఇప్పటికీ ఆ వాసనే ముందు పలకరిస్తుంది.

అక్కడ వంట గది పచ్చిముక్క దాకా తెచ్చి ఆగిపోతుంది. మిగతా పని మనది. ఎవరి ముక్క వాళ్ళు కాల్చుకోవడానికే అంత దూరం వెళ్ళాం, అన్నయ్యా.

కొత్తగా ఉద్యోగంలో చేరిన తమ్ముడు సన్నగా కోసిన నాలుక ముక్క జాలీ మీద వేసి, దాని మీదకే వంగి కూర్చున్నాడు. అంచులు పైకి ముడుచుకున్నాయి. ఎర్రదనం పోతూ పైన రసం ముత్యాల్లా పొంగుతోంది. అప్పుడు ఒక్కసారి తిప్పి, రెండో వైపు రెండు మూడు క్షణాలు చూపించి, నిమ్మరసం పిండుకుని తినాలి. వాడు ఆ క్షణం కోసమే చూస్తున్నాడు. మీరు బల్ల అవతలి నుంచి చెయ్యి చాపి తిప్పేశారు. మళ్ళీ తిప్పారు. వత్తి చూశారు. రసమంతా బొగ్గుల్లో పడి చుయ్యిమంది. గట్టిపడ్డ ముక్క తీసి వాడి పళ్ళెంలో వేసి "తిను, తిను" అన్నారు. వాడు తిన్నాడు, ఏమీ అనలేదు. పెద్దవారని మేమెవరమూ ఏమీ అనలేదు.

తర్వాత కరుబి పళ్ళెం మొత్తం ఒకేసారి జాలీ మీద బోర్లించారు. కొవ్వు మాంసం అది. నాలుగైదు ముక్కలైతే కరిగిన కొవ్వు చిటపటలాడుతుంది. పళ్ళెం నిండా ఉన్నది పడితే మంట లేస్తుంది, లేచింది. మీరు గ్లాసులో నీళ్ళు ఒంపబోతే వడ్డించే అమ్మాయి పరుగున వచ్చి ఆపింది. నీళ్ళు పోస్తే బూడిద లేచి అందరి పళ్ళేల్లో పడుతుంది, తడికి ఆ మట్టి కుంపటీ చెడుతుంది. ఆమె జాలీ మీద ఐసు ముక్కలు పెట్టి మంట అణిచింది.

ఇవన్నీ రుచికి సంబంధించినవి, సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది మీ చేతిలోని పట్టకారు. పచ్చిమాంసం ఎత్తిన దానితోనే కాలిన ముక్క తీసి మా పళ్ళేల్లో వేశారు. 2011 ఏప్రిల్‌లో తొయామా, ఫుకుయి ప్రాంతాల్లో యాకినికు హోటళ్ళలో పచ్చి గొడ్డుమాంసంతో చేసే యుక్కే తిని 5 మంది చనిపోయారు. వారిలో చిన్నపిల్లలున్నారు. ఆ మరుసటి ఏడాది జులై నుంచి పచ్చి గొడ్డు కాలేయం వడ్డించడాన్నే ప్రభుత్వం నిషేధించింది. వాళ్ళ ప్రాణాలు తీసిన సూక్ష్మజీవి పశువుల పేగుల్లో ఉంటుంది, కోసేటప్పుడు మాంసానికి అంటుతుంది. లోపలి దాకా 75 డిగ్రీల వేడి ఒక నిమిషం తగిలితే చస్తుంది. కానీ పట్టకారు కొసకు అంటినదానికి ఆ వేడి ఎక్కడ తగులుతుంది? జబ్బు చేయడానికి చాలా కొద్దిపాటి క్రిములు చాలు. అందుకే పచ్చిదానికి పట్టకారు, తినడానికి చాప్‌స్టిక్స్ అని వేరువేరుగా పెడతారు. మీ పక్కన కూర్చున్నది మీ కన్నకొడుకు.

ఇంకో మాట, ఇది నన్ను ఎక్కువ బాధపెట్టింది. మనతో వచ్చిన చెల్లెలు బీఫ్ ముట్టదు. ముందే చెప్పింది. జాలీలో ఒక మూల తనకని ఉంచుకుని మొక్కజొన్న, గుమ్మడి, పచ్చిమిరప కాల్చుకుంటోంది. మీరు కరుబి ముక్కలు జరిపి జరిపి ఆ మూల దాకా తెచ్చారు. "నిప్పులో అన్నీ పోతాయమ్మా" అన్నారు. తను నవ్వి, చాప్‌స్టిక్స్ పక్కన పెట్టి, ఉత్తి అన్నం తిని లేచింది. బీఫ్ తినేవాడిగా నేను చెబుతున్నాను. ఏది తినాలో ఏది తినకూడదో మనిషి తనకు తాను పెట్టుకున్న గీతను మనం మన పట్టకారుతో చెరిపేయకూడదు. ఇంకో కుంపటి అడిగితే ఇచ్చేవాళ్ళు. కనీసం జాలీ మార్చమంటే మార్చేవాళ్ళు.

మీ ప్రేమ నాకు తెలుసు. బంతిలో కూర్చున్నవాళ్ళకు కొసరి కొసరి వడ్డించే ఇంట్లో పెరిగారు. ఈ ఊళ్ళో నేను దిగిన కొత్తలో రైస్ కుక్కర్ మోసుకొచ్చి ఇచ్చింది మీరే. అందుకే మీ పేరు రాయకుండా, కోపం దాచకుండా రాస్తున్నాను.

వచ్చే నెల అందరం మళ్ళీ కలుద్దాం. రెండు కుంపట్లు కావాలని నేను ముందే చెబుతాను, ఒకటి బీఫ్ తినని వాళ్ళకు. మీ అబ్బాయిని తప్పకుండా తీసుకురండి. మొన్న వాడు "నాన్నా, నేనొకటి కాలుస్తా" అని మూడుసార్లు అడిగాడు, చెయ్యి కాలుతుందని మీరు ఇవ్వలేదు. ఈసారి పట్టకారు వాడికిచ్చి, పచ్చిమాంసానికి వాడింది కాలినదానికి తగలకూడదని ఒక్కసారి చెప్పి, మీరు నా పక్కన వచ్చి కూర్చోండి. మొదటి ముక్క మాడిస్తే మాడ్చనివ్వండి.

మీ తమ్ముడు