మళ్లీ రాని చేతులు

నేను బీపీ మిషన్‌ని. గార్లదిన్నె మండలంలో ఒక విలేజ్ హెల్త్ క్లినిక్‌లో, నర్సమ్మ బల్ల మీద ఉంటాను. నాకు ముందు ఇక్కడ పాదరసం గొట్టం మిషన్ ఉండేది. పాదరసం మనిషికీ నేలకూ విషమని 2013లో మినమాటా ఒప్పందం కుదిరాక ఆ తరం మెల్లగా తప్పుకుంది. నా తీరు వేరు. చేతిపట్టీలో గాలి నింపి రక్తనాళాన్ని అదుముతాను. గాలి వదులుతూ నాళం గోడల అదురును పసిగట్టి అంకె చెబుతాను. మనిషి ఐదు నిమిషాలు కుదురుగా కూర్చోవాలి, చెయ్యి గుండె ఎత్తున ఉండాలి. ఎండన పడి వచ్చినవాళ్లను నర్సమ్మ ముందు కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, ఆ తర్వాతే నన్ను చుడుతుంది. ఆమె మీద నాకు గౌరవం పుట్టింది అక్కడే.

ఆమె బీఎస్సీ నర్సింగ్ చదివింది. 104 బండిలో వచ్చే డాక్టరు మొదలుపెట్టిన మాత్రలను నెలనెలా ఇచ్చేది ఆమే.

"ఏమవ్వా, ఇన్ని దినాలు యాడికి పోయింటివి?"

"సెనక్కాయ పీకినాక బెంగుళూరికి పోతిమి కదమ్మా, కూలికి. మాత్రలు అయిపాయ. తల తిరగల్యా, ఇంగేమిటికని ఊరకుంటి."

నా తెర మీద 180/110.

మా దగ్గరి పెనకచెర్ల డ్యాంకు తుంగభద్ర నీళ్లొస్తాయి గానీ, వానను నమ్ముకున్న మెట్ట చేలకు ఆ నీళ్లతో పనిలేదు. వేరుశనగ తీశాక, పంట పోయిన ఏడైతే అంతకు ముందే, ఇళ్లకు తాళాలు పడతాయి. నాకు తెలిసిన చేతులు కనిపించకుండా పోతాయి. రక్తపోటు నొప్పి పుట్టించదు. అందుకే మాత్ర మానేయడం అంత తేలిక. పక్షవాతం వచ్చేదాకా ఆ మనిషికి తెలియకపోవచ్చు.

నర్సమ్మకు కాలేజీలో సీనియర్ అయిన ఒక అక్క అమెరికాలో నర్స్ ప్రాక్టీషనర్. ఉద్యోగం చేస్తూనే డీఎన్‌పీ, అంటే డాక్టర్ ఆఫ్ నర్సింగ్ ప్రాక్టీస్ చదువుతోంది. ఫోను నా పక్కనే పెట్టి మాట్లాడుకుంటారు కాబట్టి నాకూ తెలిసింది. ఈ చదువు 2001లో కెంటకీ విశ్వవిద్యాలయంలో మొదలైందట. రోగిని పరీక్షించి మందు రాసే స్థాయి నర్సులకు ఈ డాక్టరేటే ఉండాలని 2004లో అక్కడి నర్సింగ్ కాలేజీల సంఘం తీర్మానించింది. బీఎస్సీ తర్వాత కనీసం 1000 గంటల ప్రాక్టికల్ పని చేయాలని 2006లో నియమం పెట్టింది.

"మరి పీహెచ్‌డీ చేయొచ్చు కదక్కా?"

"పీహెచ్‌డీ కొత్త సంగతి కనుక్కునేకి పాపా. ఈ మందు పనిచేస్తాదని ఎప్పుడో తేలిపాయ. నా క్లినిక్‌లో బీపీ చూపించుకున్నోళ్లు మళ్లా ఎందుకు రావడంల్యా? ఏం మారిస్తే వస్తారు? అదే నా ప్రాజెక్టు."

మా నర్సమ్మ చాలాసేపు మాట్లాడలేదు. అక్క డాక్టరేట్ ప్రశ్న ఆమె రిజిస్టర్‌లో ప్రతి పేజీలోనూ ఉంది.

మన దేశంలోనూ కొన్ని తలుపులు తెరుచుకున్నాయి. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ క్రిటికల్ కేర్‌లో నర్స్ ప్రాక్టీషనర్ పీజీ కోర్సు తెచ్చింది. 2017లో తెలంగాణ ప్రభుత్వం ఫెర్నాండెజ్ ఆసుపత్రితో కలిసి కరీంనగర్‌లో నర్సులకు పద్దెనిమిది నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. పరిశోధన చేయాలనుకునేవారికి పీహెచ్‌డీ ఉంది. కానీ ఊరి క్లినిక్‌లో పనిచేస్తూ, ఆ పని మీదే డాక్టరేట్ చేసే దారి మా నర్సమ్మకు దొరకలేదు. అలాంటి చదువు కావలసింది ముందు ఇలాంటి చోటే అని నా గట్టి నమ్మకం. ఇక్కడి జబ్బుకు వానతో, అప్పుతో, బెంగళూరు బస్సుతో ఉన్న సంబంధం రోజూ ఈ బల్ల ముందు కూర్చునే మనిషికే అర్థమవుతుంది. ఆ అర్థాన్ని లెక్కగా, పద్ధతిగా, మరో ఊరికి పనికొచ్చేలా నిలబెట్టడం నేర్పేదే ఆ చదువు.

ఆమె దారి కోసం కాచుకుని కూర్చోలేదు. పీహెచ్‌సీ డాక్టరుతో మాట్లాడి ఒప్పించింది. వలస పోయేవాళ్లకు వేరే పుస్తకం పెట్టింది. బయల్దేరే ముందు బీపీ చూసి, అదుపులో ఉన్నవాళ్లకు రెండు నెలల మాత్రలు కట్టిస్తోంది. వాళ్ల పని చోటికి దగ్గరగా ఉన్న నమ్మ క్లినిక్ ఏదో చీటీ మీద కన్నడంలో రాయిస్తోంది. ఆశా కార్యకర్త ఫోన్ చేసి మాత్ర సంగతి అడుగుతుంది. ముందు కొలత, మార్పు, మళ్లీ కొలత: అక్క చెప్పిన వరస ఇదే. రాత్రిళ్లు ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్షకు చదువుకుంటోంది. ఇక్కడ నర్సింగ్ డాక్టరేట్‌కు మొదటి మెట్టు అదేనని.

ఉగాదికి జనం ఊరికొస్తారు. పుస్తకంలో పేరున్న ప్రతి చేతికీ నన్ను చుట్టాలనీ, 140/90 లోపల ఎందరున్నారో పోయినేటి రిజిస్టర్‌తో సరిపోల్చాలనీ ఆమె నిర్ణయం. ఆ రోజుకు నాకు కొత్త బ్యాటరీలు కూడా తెచ్చిపెట్టింది.