చూతమనియె: పెరటి పొయ్యి పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

డాలస్‌కి ఉత్తరాన ఉన్న ఫ్రిస్కోలో తెలుగు ఇళ్లకు కొదవ లేదు. ఇంటి వెనక పెరడు, పెరటికి చెక్క కంచె, కంచె మీదుగా పక్కింటి పొగ. ఈ పద్యం పుట్టింది ఆ పొగలోంచే. మే నెలలో ఒక శనివారం పక్కింటాయన తెల్లవారకముందే పెద్ద మాంసపు దిమ్మను నల్లటి ఇనుప పెట్టెలో పెట్టి మూత వేశాడు. తర్వాత గడ్డి కోశాడు, కారు కడిగాడు, కుక్కను తిప్పుకొచ్చాడు. సాయంత్రం మూత తీసి, కోసి, వచ్చిన చుట్టాలకు వడ్డించాడు. మధ్యలో విసిరింది లేదు, ఊదింది లేదు, కళ్లు నులుముకున్నది లేదు. కంచెకు ఇవతల బొగ్గుల మీద చికెన్ ముక్కలు తిప్పుతున్న కథానాయకుడికి ముందు కళ్లు మండాయి, ఆ తర్వాత కడుపు మండింది. రాత్రి భార్య దగ్గర విషయం ఎత్తాడు. ఆమె జవాబు చెప్పింది. ఆ సంభాషణే పద్యం.

మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మెదక్ సీమలోని కొల్చారం మల్లినాథ సూరి మాట ఇచ్చాడు. ఆయన కాళిదాసుకు వ్యాఖ్యానం రాశాడు కాబట్టి ఆ నిష్ఠ చెల్లింది. ఇక్కడ మూలం నాలుగు పాదాలు, వ్యవహారం వెయ్యి డాలర్లు. ఈ టీకాకారుడు ఆ మాట ఇవ్వలేడు.

మూలం

ఆ.వె.
పెరటిలోనఁ బొయ్యి పెల్లెట్ల గ్రిల్లును
కొందుమా యటంచుఁ గోరె భర్త
వెలను జూచి యాలు వేసవి సెగఁ జూచి
చూతమనియెఁ బనులు చూచుకొనుచు

ప్రతిపదార్థం

భర్త = మగడు, అనగా ఇదివరకే ఒక బొగ్గుల పొయ్యి కలవాడు; పెరటిలోనన్ = ఇంటి వెనక, గడ్డి కోయవలసిన జాగాలో; పొయ్యి = పొయ్యియైన; పెల్లెట్ల గ్రిల్లును = చెక్క గుళికలతో మండు యంత్రమును; కొందుమా = కొనుక్కుందామా (బహువచనం గమనించదగినది; డబ్బు ఇద్దరిదీ, గ్రిల్లు ఒకరిది); అటంచున్ = అని; కోరెన్ = అడిగెను; ఆలు = భార్య; వెలను చూచి = ధర చూసి, పన్ను కలిపి మళ్లీ చూసి; వేసవి సెగన్ చూచి = కిటికీలోంచి టెక్సస్ ఎండను చూసి; పనులు చూచుకొనుచున్ = మర్నాటి టిఫిన్‌కి పిండి రుబ్బుతూ; చూతము = చూద్దాం; అనియెన్ = అన్నది.

తాత్పర్యం

భర్త గ్రిల్ కొందామా అన్నాడు. భార్య చూద్దాం అంది.

విశేషాలు

పెల్లెట్ల: సామిల్లులో మిగిలిన రంపపు పొట్టును ఆరబెట్టి, గట్టి ఒత్తిడితో ఇనుప అచ్చు రంధ్రాల్లోంచి దూరిస్తే ఇంచుమించు 6 మిల్లీమీటర్ల లావు పుల్లలుగా బయటికొస్తుంది. ఆ వేడికి చెక్కలోనే ఉండే లిగ్నిన్ మెత్తబడి పొట్టును పట్టి ఉంచుతుంది. వేరే జిగురు అక్కర్లేదు. ఓక్, హికరీ, ఆపిల్, చెర్రీ అని సంచుల మీద పేర్లు రాస్తారు. ఆపిల్ అని రాసిన ప్రతి సంచిలోనూ ఆపిల్ చెక్క ఒక్కటే ఉండాలని లేదు. ఓకో ఆల్డరో అసలు సరుకుగా పెట్టి, పేరున్న చెక్కను కొంత కలిపేవి కూడా ఉన్నాయి. అట్ట వెనక చిన్న అక్షరాలు చదవడం ఇక్కడ శాస్త్రసమ్మతం.

విజిటర్ వీసా మీద వచ్చి ఉన్న నాయిక అత్తగారు ఫోన్లో ఆ గుళికల బొమ్మ చూసి, "ఒరేయ్, ఇది మన పొట్టు పొయ్యే కదరా! దీనికి కరెంటెందుకు?" అంది. ఆమె ప్రశ్న తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. గ్యాస్ బండ రాకముందు కోస్తా ఊళ్లలో చాలా ఇళ్లు సామిల్లు పొట్టు మీదే వండుకున్నాయి. రేకు పొయ్యి మధ్యలో సీసా నిలబెట్టి, చుట్టూ పొట్టు దట్టించి, సీసాను మెల్లగా పైకి లాగేసి, అడుగు నుంచి అంటిస్తే గంటలకొద్దీ నిదానంగా రగిలేది. దట్టించడంలో పట్టు తప్పితే పొట్టు మధ్యలో కూలి పొయ్యి ఆరిపోయేది. ఆ పట్టు అత్తగారి చేతిలో ఉండేది. అదే పట్టును ఇప్పుడు యంత్రానికి అప్పగించి వెల కట్టారు.

గ్రిల్లును: 1970ల చమురు సంకటం తర్వాత ఇళ్లు వెచ్చబెట్టుకోవడానికి అమెరికాలో చెక్క గుళికల పొయ్యిలు వచ్చాయి. ఆరెగాన్ రాష్ట్రంలో మౌంట్ ఏంజెల్ అనే చిన్న ఊళ్లో ఇళ్లు వేడిచేసే పరికరాల వ్యాపారం చేసుకుంటున్న జో ట్రేగర్ ఆ పద్ధతిని వంటకు మళ్లించి 1986లో పేటెంట్ పొందాడు. 2006లో గడువు తీరేదాకా ఆ ఇంటివాళ్లకు పోటీ లేదు. తీరాక పిట్ బాస్, క్యాంప్ షెఫ్, రెక్‌టెక్ వంటివి దిగాయి. 2021లో ట్రేగర్ కంపెనీ న్యూయార్క్ షేర్ మార్కెట్‌కి వెళ్లి, తన షేరుకు 'కుక్' అని గుర్తు పెట్టుకుంది.

యంత్రం ఇలా పనిచేస్తుంది. పక్కనున్న తొట్టిలో గుళికలు పోస్తారు. తొట్టి అడుగున మరమేకు ఆకారంలో పొడుగాటి ఇరుసు, మోటారుతో మెల్లగా తిరుగుతూ, గుళికలను నాలుగైదు చొప్పున చిన్న నిప్పుగిన్నెలోకి తోస్తుంది. కరెంటు కడ్డీ వాటిని అంటిస్తుంది, ఫ్యాను గాలి కొడుతుంది. మంటకూ మాంసానికీ మధ్య ఇనుప పలక ఉంటుంది కాబట్టి మంట నేరుగా తగలదు, వేడిగాలే తిరుగుతుంది. లోపలి ఉష్ణమాపకం చెప్పినదాన్ని బట్టి ఇరుసు ఎంత తిరగాలో ఒక చిన్న కంప్యూటర్ నిర్ణయిస్తుంది. అంటించేటప్పుడు 200 నుంచి 300 వాట్లు, తర్వాత ఇంచుమించు 50 వాట్లు తీసుకుంటుంది. కరెంటు పోతే వంట పోతుంది. 2021 ఫిబ్రవరి మంచు తుఫానుకు టెక్సస్‌లో లక్షల ఇళ్లు చీకట్లో వణికినప్పుడు బొగ్గుల పొయ్యి వెలిగేది, ఇది వెలిగేది కాదు.

మేఘమంటే పొగ, వెలుగు, నీరు, గాలి కలిసిన ముద్ద కదా, అది సందేశం మోయడమేమిటని కాళిదాసే తన యక్షుడి గురించి ఆశ్చర్యపోయాడు. ఆ నాలుగింటిలో నీటిని తీసేస్తే మిగిలేది పెల్లెట్ గ్రిల్. నీరు తగిలితే మటుకు గుళికలు ఉబ్బి మళ్లీ పొట్టయిపోయి, ఇరుసు చుట్టూ బిగుసుకుపోతాయి. వానకు తొట్టి మూత తెరిచి పెట్టినవాడు మర్నాడు స్క్రూడ్రైవరుతో కూర్చోవలసిందే.

భర్త: ఇతడు ధీరలలితుడు, అంటే నిశ్చింతుడు, కళాప్రియుడు. ఇక్కడ పూర్వపక్షం ఒకటి లేస్తుంది. ఇరుసు గుళికలు తోస్తే, ఫ్యాను విసిరితే, కంప్యూటర్ సెగ చూసుకుంటే వంటకు కర్త ఎవరు? "భర్త వండెను" అనే వాక్యం వ్యాకరణానికి నిలుస్తుందా? బొగ్గు వాళ్లు, కట్టెల వాళ్లు నిలవదంటారు. అది పెరట్లో పెట్టిన ఓవెనేనని వాళ్ల వాదం. సిద్ధాంతం ఏమిటంటే, కాన్సాస్ సిటీ బార్బెక్యూ సొసైటీ తన పోటీల్లో గ్యాసు మంటనూ కరెంటు వేడినీ ఒప్పదు గాని, చెక్క గుళికల మంటను ఒప్పుతుంది. ఇరుసు తిప్పడానికి కరెంటు వాడుకోవచ్చంటుంది. కరెంటు కరణం మాత్రమే అయింది. కర్తృత్వం భర్తకు దక్కింది.

ధూమ విచారం: కొండ మీద పొగ కనిపిస్తే నిప్పు ఉందని చెప్పొచ్చు, వంటింట్లో లాగా; ఇది తర్కం చదివే ప్రతివాడికీ మొదటి పాఠం. తిరగేసి, నిప్పు ఉంది కాబట్టి పొగ ఉండి తీరాలంటే చెల్లదు. ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పుంది, పొగ లేదు. పొగ కావాలంటే నిప్పుతో పాటు తడి కట్టె కూడా ఉండాలని అన్నంభట్టు తర్కసంగ్రహం మెలిక పెడుతుంది. గ్రిల్ దుకాణానికి వెళ్లేవాడికి అంతకన్నా పనికొచ్చే మెలిక లేదు. గుళికల్లో తేమ సాధారణంగా 10 శాతం లోపే. పైగా ఫ్యాను గాలి. అందుకే అవి శుభ్రంగా మండుతాయి, పొగ పలచగా వస్తుంది. 82 నుంచి 107 డిగ్రీల సెల్సియస్ మధ్య పొగ కాస్త పట్టుతుంది. 230 దాటించారా, పెట్టె అచ్చంగా ఇనుప గుండే.

ఆ పలచని పొగ ఇష్టపడేవాళ్లూ ఉన్నారు. గుళికను పట్టి ఉంచిన లిగ్నినే కాలినప్పుడు గ్వయకాల్, సిరింగాల్ అనే పదార్థాలుగా విడిపోయి పొగ రుచినీ పొగ వాసననూ ఇస్తుంది. కట్టెల పొయ్యి మీద కాచిన పాలు తాగి పెరిగినవాళ్లకు ఆ వాసనకు పేరు అక్కర్లేదు.

ఇప్పుడు ఈ పెట్టెలో వండేదేమిటి? టెక్సస్‌లో ఈ ప్రశ్నకు జవాబు ఒకటే: బ్రిస్కెట్, అంటే ఎద్దు రొమ్ము మాంసం. 107 డిగ్రీల దగ్గర పన్నెండు గంటలు, ఒక్కోసారి ఇంకా పైన. గట్టి నరాల్లోని కొలాజెన్ జిలాటిన్‌గా కరగాలంటే అంతసేపు పట్టాలి. మధ్యలో మాంసం లోపలి వేడి 65, 70 డిగ్రీల దగ్గర గంటల తరబడి మొరాయిస్తుంది. పైకి చెమ్మ ఆవిరవుతూ చల్లబరుస్తుంటుంది, మనిషికి చెమట పట్టినట్టే. అంతసేపు నిప్పును ఒకే సెగలో నిలపడానికే ఈ యంత్రం పుట్టింది. మన నాయకుడి ఇంట్లో ఎద్దు మాంసం తినరు. యంత్రపు ముఖ్య ప్రయోజనం అక్కడే గుమ్మం బయట ఆగిపోయింది.

మేక తొడ ఉంది. పసుపు, అల్లం వెల్లుల్లి, కారం, పెరుగు పట్టించి రాత్రంతా నానబెట్టి, నిదానం సెగ మీద నాలుగైదు గంటలు వదిలేస్తే ఎముక నుంచి మాంసం జారుతుంది. ఇందులో గ్రిల్‌ని తప్పు పట్టలేం. మొత్తం కోడి కూడా బాగానే వస్తుంది, లోపల 74 డిగ్రీలు వచ్చేదాకా ఉంచితే. కాకపోతే సెగ తక్కువైతే చర్మం రబ్బరులా సాగుతుంది. తందూరీ సంగతి వేరు. మట్టి తందూరు 400 డిగ్రీలు దాటగలదు, మామూలు పెల్లెట్ గ్రిల్ 260 దగ్గర ఆగుతుంది, అదీ పలక చాటు నుంచి.

అసలు పరీక్ష వంకాయది. కాల్చిన వంకాయ పచ్చడికి తొక్క నల్లగా మాడి పెటపెటలాడాలి, లోపల గుజ్జు కావాలి. పెల్లెట్ గ్రిల్‌లో గుజ్జవుతుంది, పొగ వాసనా పడుతుంది, తొక్క మాత్రం ముడతలు పడి ఊరుకుంటుంది. మొక్కజొన్న పొత్తులదీ అదే దారి. ఈ రెండింటికీ నాయకుడి దగ్గర ఉన్న గుండ్రటి బొగ్గుల పొయ్యే మేలు. అది కూడా సామాన్యమైనది కాదు. 1952లో షికాగో దగ్గర వెబర్ బ్రదర్స్ అనే లోహపు పని కర్మాగారంలో జార్జ్ స్టీఫెన్ నీటి మీద తేలే బోయాను రెండు చెక్కలు చేసి, ఒకటి పొయ్యిగా, ఒకటి మూతగా పెట్టి కనిపెట్టిన రూపం అది.

వెలను జూచి: ఓ మోస్తరు పెల్లెట్ గ్రిల్ ఐదారు వందల డాలర్లు, పేరున్నవి వెయ్యి పైన, పెద్దవి రెండు వేలు దాటి. 20 పౌన్ల గుళికల సంచి ఇరవై డాలర్లకు అటూ ఇటూ. నిదానం సెగలో గంటకు ఒకటి రెండు పౌన్లు తింటుంది కాబట్టి పన్నెండు గంటల వంటకు సగం సంచి పైనుంచి ఒక సంచి దాటేదాకా లెక్కేసుకోవాలి. వాన కవరు వేరు. నాలుగైదు వంటలకోసారి నిప్పుగిన్నెలో బూడిద తీయాలి, కారిన కొవ్వు గీకాలి. గీకకపోతే అది అంటుకుంటుంది.

వేసవి సెగఁ జూచి: టీకాకారుల్లో ఇక్కడ రెండు మతాలు. జూలైలో 38 డిగ్రీల ఎండలో బయట ఎవరు వండుతారని నాయిక భావమని ఒకరు. ఈ పొయ్యి దగ్గర నిలబడనక్కర్లేదు, పైగా ఇంట్లో ఓవెన్ వెలిగించి ఏసీతో పోరాడే బాధ తప్పుతుంది కాబట్టి ఈ పదం నాయకుడి పక్షానే సాక్ష్యమని మరొకరు. చేపల వేపుడుకు గ్యారేజీలో విడిగా పొయ్యి పెట్టుకున్న తెలుగు ఇల్లాళ్లు రెండో మతం వైపు మొగ్గుతారు.

అలంకారం

'చూచు' ధాతువు ఈ పద్యంలో నాలుగుసార్లు వచ్చింది. మొదటి రెండు చూపులు కంటివి, మూడోది వాయిదా, నాలుగోది పని. అర్థం మారింది కాబట్టి యమకమని కొందరు. అర్థం ఒకటే, తాత్పర్యమే వేరు కాబట్టి లాటానుప్రాసమని కొందరు. 'చూతము'లో ధ్వని కూడా ఉంది. వాచ్యార్థం: ఆలోచిద్దాం. వ్యంగ్యార్థం: షెడ్డులోకి వెళ్లి చూడండి. అక్కడ నిరుడు దోసెల కోసమని కొన్న ముప్పై ఆరు అంగుళాల గ్యాసు గ్రిడిల్ ఉంది. దాని మీద పడిన దోసెలు ఏడు.

నిర్ణయానికి ఆధారం ఆ ఏడే. నెలకు రెండుసార్లైనా పాతిక మందికి మేక తొడలో కోళ్లో మూడు నాలుగు గంటలు వండి పెట్టే ఇల్లైతే, వండుతూనే వచ్చినవాళ్లతో కూర్చోవాలనుంటే, ఆ పెట్టె తన వెల తాను తెచ్చుకుంటుంది. శనివారం సాయంత్రం నలుగురికి సీకులూ రెండు వంకాయలూ కాల్చే ఇంటికి దాంతో పని లేదు. నాయకుడు కంచె మీంచి చూసింది వంటను కాదు, పక్కింటాయన తీరికను. అది ఏ తొట్టిలో పోస్తే వస్తుందో పద్యంలో లేదు.

ఛందస్సు, పాఠాంతరం

ఆటవెలది. బేసి పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. సరి పాదాల్లో ఐదూ సూర్యగణాలే. 'పెల్లెట్ల' తగణం, 'గ్రిల్లును' భగణం. తద్భవాలకన్నా బుద్ధిగా కూర్చున్నాయి. నాలుగో గణం మొదటి అక్షరం యతిస్థానం.

మగవాళ్ల వాట్సాప్ గుంపులో తిరుగుతున్న ప్రతిలో చివరి పాదం 'కొందమనియెఁ బనులు చూచుకొనుచు' అని ఉంది. 'కొ'కూ 'చూ'కూ యతి కుదరదు. కాబట్టి అది ప్రక్షిప్తమని, ఆమె ఆ మాట అన్నట్టు ఛందస్సు ఒప్పుకోదని టీకాకారుడు తేల్చాడు. నాయకుడు రెండు రోజులు కనపడలేదు. మూడో రోజు 'కొందమనియెఁ బనులు కూర్చుకొనుచు' అని దిద్ది తెచ్చాడు. 'కొ'కు 'కూ' సరిపోయింది, గణాలు సరిపోయాయి, వంక పెట్టడానికి ఏమీ లేదు. దాన్ని తీసుకెళ్లి భార్యకు రాగయుక్తంగా వినిపించాడు.

ఆమె గ్రైండర్ ఆపి మొత్తం విన్నది.

"బాగా కుదిరిందండీ," అంది. "మూడో పాదం మటుకు మీరు ముట్టుకోలేదు."