ఫాదర్ గారి పూజ పెట్టె

నన్ను చూస్తే ఊళ్లో ముసలివాళ్లకు భయం. ఫాదర్ గారి సైకిలు వెనక నేను కనిపించానంటే ఆ వీధిలో ఎవరికో ఘడియలు దగ్గరపడ్డాయని లెక్క. అరుగుల మీద కబుర్లు చెప్పుకుంటున్నవాళ్లు గబుక్కున లేచి లోపలికి పోయేవారు. నేనేమీ యమపాశాన్ని కాను. నల్లతోలు అతికించిన చెక్కపెట్టెను, అంతే. లోపల మరలు విప్పితే మూడు ముక్కలయ్యే వెండి పాత్ర, దాని లోపలి వైపు బంగారు పూత. అప్పం పెట్టే చిన్న పళ్లెం, ద్రాక్షారసానికీ నీళ్లకూ రెండు గాజు సీసాలు, ఒక శిలువ, రెండు పొట్టి కొవ్వొత్తి స్తంభాలు, ఒకవైపు తెలుపు, రెండోవైపు ఊదా రంగు ఉన్న, గురువు మెడలో వేసుకునే స్టోలు. వీటన్నిటి పక్కన ఓ మూల బొటనవేలంత నూనె సీసా. భయమంతా ఆ సీసాతోనే.

పుట్టింది ఇటలీలో. మిలాన్ కేంద్రంగా ఉన్న పిమే సభ మిషనరీ ఒకాయన 1950ల మొదట్లో నన్ను ఓడలో తెచ్చుకుని కృష్ణా జిల్లా చేరాడు. గుణదల కొండ మీద 1924లో మరియమాత స్వరూపాన్ని నెలకొల్పిన ఫాదర్ ఆర్లాటి గారిది కూడా ఆ సభే. ఆ రోజుల్లో నా బరువు చెప్పనలవి కాదు. పునీతుల అవశేషాలు పొదిగిన పలకరాయి ఒకటి నా అడుగున ఉండేది. ఆ రాయి లేనిదే పూజ చెయ్యకూడదు. పూజంతా లాటిన్‌లో, గురువు వీపు జనం వైపు. అర్ధరాత్రి నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా ఉంటేనే సత్ప్రసాదం, కాబట్టి పూజ ఎప్పుడూ పొద్దున్నే. కూలికి పోయే మనిషి పొద్దున్నే గుడికెలా వస్తాడు? రోమ్‌లో ఈ సంగతి ఎవరికి తట్టిందో గానీ, 1953లో పన్నెండవ పయస్ పోప్ ఉపవాస నియమం సడలించి, పీఠాధిపతి (బిషప్) అనుమతితో సాయంత్రం పూజకు వీలు కల్పించారు. నేను రాత్రిళ్లు తిరగడం అప్పటి నుంచి మొదలైంది. పొలం నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, లాంతర్లు పట్టుకుని వచ్చేవారు జనం.

ఆ ఇటలీ స్వామి స్వదేశం వెళ్లిపోతూ 1968లో నన్ను కొత్తగా గురుపట్టం పొందిన మా ఫాదర్ గారి చేతిలో పెట్టారు. అప్పటికి రెండవ వాటికన్ మహాసభ ముగిసి మూడేళ్లు. పూజ తెలుగులోకి వచ్చింది, గురువు జనం వైపు తిరిగాడు, నా అడుగున ఉన్న పలకరాయి అవసరం కూడా తర్వాత్తర్వాత తీరింది. మా ఫాదర్ గారు బెంగుళూరు సెయింట్ పీటర్స్ సెమినరీలో చదివిన మనిషి. తాటాకు గుళ్లో, పేడతో అలికిన నేల మీద నన్ను తెరిచిన మొదటి సాయంత్రం ఆయన చేతులు వణికాయి. పాత్ర మరలు ఎటు తిప్పాలో ఉపదేశి చూపించాల్సి వచ్చింది. గంట బదులు వేపచెట్టుకు వేలాడదీసిన రైలుపట్టా ముక్కను మోగించేవారు. ఆయన పాట మొదలెడితే శ్రుతి ఎక్కడో కాలువ అవతల ఉండేది. ఆడవాళ్లు నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకునేవారు. కోపం కూడా ఎక్కువే. పూజకు ఆలస్యంగా వస్తే పీఠం దగ్గర నుంచే కేకలేసేవారు. పునీతుడని నేను సాక్ష్యం చెప్పను.

అయితే నూనె సీసా విషయంలో ఆయన పట్టిన పట్టు మామూలుది కాదు. పాత పద్ధతిలో అవస్థ అభ్యంగనం అంటే ఇక ఆశ లేనప్పుడు కళ్లకు, చెవులకు, ముక్కుకు, పెదవులకు, చేతులకు, కాళ్లకు తైలం రాయడం. 1972లో ఆరవ పౌల్ పోప్ దాన్ని మార్చారు. నుదుటికీ చేతులకూ రాస్తే చాలు, చావు ముంగిట ఉన్నవారికే కాదు, జబ్బుతో కుంగినవారికీ, వయసు మళ్లి నీరసించినవారికీ, అవసరమైతే మళ్లీ మళ్లీ కూడా. రోమ్‌లో కాగితం మీద మారింది. కృష్ణా డెల్టాలో పేటల్లో మారాలంటే ఒకరు మొదలెట్టాలి కదా. ఒక ఆదివారం పూజయ్యాక ముసలివాళ్లందరినీ ముందు వరసలో కూర్చోబెట్టి సీసా మూత తీశారు. ఒక అవ్వ లేచి చేతులడ్డం పెట్టింది.

“నాకిప్పుడే వద్దు ఫాదరయ్యా. కోతలైపోనీ, అప్పుడు రాద్దువుగాని.”

“కోతలకు ఓపిక రావాలనే రాస్తున్నానమ్మా.”

“మా అత్తకీ ఇట్టాగే రాశాడు తెల్ల స్వామి. తెల్లారేసరికి పోయింది.”

ఆ రోజు రాయించుకున్నది ఉపదేశి ఒక్కడే, అదీ జీతం ఇచ్చే ఆయన అడిగాడని మొహమాటపడి. ఆ అవ్వ ఒప్పుకోవడానికి మరో రెండు పంటలు పట్టింది. ఒప్పుకున్నాక కూడా ముందు కాఫీ తాగి, ఆ తర్వాతే నుదురు ముందుకు పెట్టింది.

1977 నవంబర్ 19, శనివారం. మర్నాడు క్రీస్తురాజు పండుగ. పండుగ పూజకని నన్ను సర్ది బల్ల మీద పెట్టారు. ఆ రోజే దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. ప్రభుత్వ లెక్కల్లోనే పదివేల ప్రాణాలు పోయాయి. ఫాదర్ గారు నన్ను గోనెసంచిలో చుట్టుకుని బయలుదేరారు. తీరా వెళ్లాక ఒక పక్కా భవనం మిద్దె మీద దించి, నన్ను మర్చిపోయారు. మర్చిపోయారనడం అన్యాయం, తెరిచే తీరిక లేదు. తుమ్మ కంపల్లో చిక్కుకున్న శవాలను, పశువుల కళేబరాలను లాగుతున్నారు. ముక్కుకు గుడ్డ కట్టుకున్న కుర్రాళ్లతో కలిసి ఆయనా లాగారు. ఎవరు ఏ మతమో తేల్చే స్థితిలో ఏ శవమూ లేదు. కొన్నిటిని పూడ్చారు, కొన్నిటిని ఉన్నచోటే కాల్చారు. నన్ను తెరిచేసరికి అప్పం పొట్లం ఉప్పునీళ్ల చెమ్మకు ముద్దయి ఉంది. ఊళ్లు తిరిగిన ఇన్నేళ్లలో నన్ను ఎక్కువ రోజులు మూసి ఉంచింది అప్పుడే. ఆయన గురుత్వం నాకు అర్థమైందీ ఆ రోజుల్లోనే.

ఆ తర్వాత రాజ్‌దూత్ వచ్చింది. దాని దుమ్మూ, శబ్దమూ, వెన్నువిరిగే కుదుపులూ చెప్పుకుంటే తెల్లారుతుంది. ఒక్క ముచ్చట మాత్రం చెప్తాను. 1995లో రామారావు గారి ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం పెట్టింది కదా. ఒక రాత్రి రోడ్డు మీద కానిస్టేబుల్ ఆపి, నన్ను తెరిపించి, ద్రాక్షారసం సీసా మూత తీసి వాసన చూశాడు. ఫాదర్ గారు పూజకని ఎంత చెప్పినా వినలేదు. చివరికి టార్చిలైటు వెలుగులో నూనె సీసా కనిపించింది. “ఇదేంటి?” అన్నాడు. “చనిపోయేముందు రాసేది” అన్నారు మా ఫాదర్ గారు, ఆ ఒక్క పూట పాత సిద్ధాంతాన్ని ఆశ్రయించి. సీసాలన్నీ ఎక్కడివక్కడ సర్దిపెట్టి, దణ్ణం పెట్టి మరీ పంపించాడు కానిస్టేబుల్.

జ్ఞానస్నానాల దగ్గర మాత్రం నవ్వులాట ఉండేది కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా లేదు. మన రాష్ట్రంలో బీసీ-సి కింద ఒక్క శాతం రిజర్వేషనే దిక్కు. అందుకని ఇంట్లో మరియదాసు, బడి రికార్డులో ఇంకో పేరు. బిడ్డను చేతుల్లో పెట్టుకుని తండ్రులు గొంతు తగ్గించి అడిగేవారు, “నీళ్లు పొయ్యండి ఫాదర్, పుస్తకంలో మాత్రం రాయకండి” అని. జ్ఞానస్నానం నమోదు చెయ్యకపోతే శ్రీసభ చట్టం ఒప్పదు. రాస్తే పిల్లవాడి సీటు ఏమవుతుందోనని వాళ్ల భయం. ఆయన ప్రతి పేరూ రాశారు. రాసి, పుస్తకాన్ని బీరువాలో పెట్టి తాళంచెవి జేబులో వేసుకున్నారు. ఎవరు ఏ కాగితం కోసం వచ్చినా, వచ్చినవాడి ముఖం చూశాకే బీరువా దగ్గరికి కదిలేవారు. కొందరు తోటి గురువులకు ఇది నచ్చలేదు. నాకు నచ్చింది, నన్నెవరూ అడగలేదు గానీ. దళిత కుటుంబంలో పుట్టిన పూల ఆంథోనీ గారు 2022లో కార్డినల్ అయ్యారని, తెలుగువారిలో ఆయనే మొదటివారని తెలిసిన రోజు మా ఫాదర్ గారు ఆ పాత పుస్తకాల ఊసెత్తి చాలాసేపు మాట్లాడారు.

విచారణ (పారిష్) గురువుకు 75 ఏళ్లు నిండగానే పీఠాధిపతికి రాజీనామా ఇవ్వమని శ్రీసభ చట్టం కోరుతుంది. ఇచ్చారు. వృద్ధ గురువుల ఇంటికి వచ్చారు. ఆదివారం పూజను విచారణ ప్రజల కోసం తప్పక అర్పించాలన్న బాధ్యత ఆ రోజుతో తీరిపోయింది. ఇక్కడ గురువులంతా కలిసి చిన్నగుడిలో ఒకే పీఠం దగ్గర పూజ చేస్తారు, నాతో పని లేదు. అల్మరా మీద ఎక్కాను. ఇప్పటి కుర్ర ఫాదర్లు జిప్పు ఉన్న నైలాన్ సంచీతో తిరుగుతారు. తేలికే, కాదనను. జారిపడితే మాత్రం అందులో గాజు సీసా మిగలదు.

తర్వాత ఆయనకు పక్షవాతం వచ్చింది. నిలబడలేని వృద్ధ గురువు కూర్చునే పూజ చేసుకోవచ్చని చట్టం. కాబట్టి మళ్లీ నన్ను దించారు. కుర్చీకి ఎదురుగా బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, పనికుర్రాడు నన్ను తెరిచి ఒక్కొక్కటీ పైన పెడతాడు. పాత్ర మర ఒకటి తప్పు తిప్పాడంటే మాట తడబడుతున్నా కేక మాత్రం తడబడదు.

మొన్న శీతాకాలంలో జ్వరం బాగా ముదిరింది. పక్క గది ఫాదర్ వచ్చి నా మూలనున్న సీసా తీశాడు. పీఠాధిపతి పవిత్ర వారంలో ఆశీర్వదించిన కొత్త తైలమే అందులో ఉంది. నుదుటికి రాశాడు, అరచేతులకు రాశాడు. పనికుర్రాడు గుమ్మం దగ్గర ఏడుపు లంకించుకున్నాడు. ఊళ్లకు ఫోన్లు వెళ్లాయి. మేం తిరిగిన పేటల నుంచి ఒక ఆటో నిండా జనం దండలతో సహా దిగారు. మర్నాడు పది గంటలకు వాళ్లు గదిలోకి వచ్చేసరికి ఆయన దిండుకు ఆనుకుని కూర్చుని ఇడ్లీలో చట్నీ తక్కువైందని పనికుర్రాణ్ని దులుపుతున్నారు. దండలు ఏం చెయ్యాలో తెలియక మరియమాతకు వేసి, కాఫీలు తాగి వెళ్లారు.